పళ్లెంలో విషం.. పుస్తకంలో లెక్క!

టొమాటో సాస్ సీసా కొంటారు. వెనక చిన్న అక్షరాల్లో ప్రిజర్వేటివ్ పేరు ఉంటుంది. దాన్ని ఎంతవరకు కలపొచ్చో చట్టం చెప్పింది కాబట్టి మనం నమ్మి తింటాం. ఆ పరిమితిని ఎవరు పెట్టారు? ఏ లెక్క చూసి పెట్టారు? ఆ లెక్కను ఇంకెవరైనా సరిచూశారా? ఫుడ్ టెక్నాలజీ, కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ చదివి ఉద్యోగం వెతుక్కుంటున్నవారైతే ఈ మూడు ప్రశ్నలూ రేపు మీ బల్ల మీదికే వస్తాయి.

ఈ ప్రశ్నల కోసం జీవితమంతా పోరాడిన వ్యక్తి అమెరికా రసాయన శాస్త్రవేత్త హార్వీ వాషింగ్టన్ వైలీ. ఆ దేశపు మొదటి ఆహార, ఔషధ చట్టం వెనక ఉన్న మనిషి. పన్నెండు మంది యువకులకు తెలిసి తెలిసి రసాయనాలు తినిపించి పత్రికలకెక్కిన మనిషి కూడా ఆయనే. ఆయన చెప్పినవన్నీ తర్వాత నిజమని తేలలేదు. అయినా ఆయన పేరు నిలిచింది. ఎందుకు నిలిచిందో తెలిస్తే, ల్యాబ్‌లో రికార్డు రాసేటప్పుడు మీ పెన్ను కాస్త జాగ్రత్తగా కదులుతుంది.

పొలం నుంచి ల్యాబ్‌కు

వైలీ 1844 అక్టోబర్ 18న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, కెంట్ అనే చిన్న ఊళ్లో దుంగలతో కట్టిన ఇంట్లో పుట్టారు. తండ్రి రైతు, బడిలో పాఠాలు కూడా చెప్పేవారు. అంతర్యుద్ధం నడుస్తుండగా కుర్రాడు కాలేజీ చదువు ఆపి కొన్నాళ్లు సైన్యంలో పనిచేశారు. తిరిగొచ్చి 1867లో హానోవర్ కాలేజీలో డిగ్రీ పూర్తిచేశారు. 1871లో వైద్య పట్టా తెచ్చుకున్నారు. అయితే డాక్టరుగా స్థిరపడలేదు. రసాయన శాస్త్రం మీదే మనసు. హార్వర్డ్‌కు వెళ్లి 1873లో మరో డిగ్రీ తీసుకున్నారు.

ఆ మరుసటి ఏడాది కొత్తగా మొదలైన పర్డ్యూ యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ అయ్యారు. 1878లో జర్మనీ వెళ్లారు. ఆహార పదార్థాలను శాస్త్రీయంగా పరీక్షించడంలో అప్పట్లో జర్మన్లు ముందున్నారు. చక్కెర ద్రావణంలోంచి కాంతిని పంపి, అందులో ఏ రకం చక్కెర ఉందో పట్టే పోలారిస్కోప్ అనే పరికరం వాడటం ఆయన అక్కడే నేర్చుకున్నారు. ఇంటికి తిరిగొచ్చేసరికి చేతిలో ఒక అరుదైన నైపుణ్యం ఉంది. మీ భాషలో చెప్పాలంటే, కోర్ సబ్జెక్టుకు తోడు మార్కెట్లో ఇంకెవరికీ లేని ఒక స్కిల్.

వెంటనే పని దొరికింది. మార్కెట్లో అమ్ముతున్న తేనె, సిరప్‌లు అసలువో కాదో చూసి చెప్పమని ఇండియానా ఆరోగ్య మండలి అడిగింది. మొక్కజొన్న పిండి నుంచి తీసిన చవక గ్లూకోజ్‌ను చాలా సీసాల్లో కలుపుతున్నారని ఆయన పరీక్షల్లో తేలింది. గ్లూకోజ్ తింటే చచ్చిపోరు. కానీ తేనె పేరు చెప్పి తేనె ధరకు అమ్మడం మోసం. కొనేవాడికి తాను ఏం కొంటున్నాడో తెలియాలన్నది అప్పటి నుంచీ వైలీ పట్టు.

తేనెటీగల వాళ్లు వదల్లేదు

ఇక్కడే ఒక దెబ్బ కూడా తగిలింది. 1881లో ఒక పేరున్న సైన్స్ పత్రికలో గ్లూకోజ్ గురించి రాస్తూ, మైనం లాంటి పారాఫిన్‌తో తేనెపట్టును కూడా యంత్రాలతో తయారుచేసి, అందులో గ్లూకోజ్ నింపి అమ్ముతున్నారని ఒక మాట అనేశారు. దానికి పరీక్ష లేదు, నమూనా లేదు, లెక్క లేదు. ఎవరో చెప్పగా విన్న మాట అది. ఆ మాట పత్రికల్లో ఊరూరా తిరిగింది. నిజమైన పట్టు తేనె అమ్ముకునేవాళ్లను కూడా జనం అనుమానించడం మొదలుపెట్టారు. తేనెటీగలు పెంచేవాళ్లకు మండిపోయింది. యంత్రంతో చేసిన తేనెపట్టు ఒక్కటి చూపిస్తే బహుమతి ఇస్తామని సవాలు విసిరారు. ఆ బహుమతి ఎవరూ గెలవలేదు. అది సరదాకి రాసిన మాట అని వైలీ తర్వాత సర్దిచెప్పుకున్నా, ఆ అపవాదు ఏళ్ల తరబడి ఆయన వెంట వచ్చింది.

రెండు విషయాలూ పక్కపక్కన పెట్టి చూడండి. గ్లూకోజ్ కల్తీ గురించి పరీక్ష చేసి చెప్పారు, నిలబడింది. తేనెపట్టు గురించి లెక్క లేకుండా చెప్పారు, కూలిపోయింది. మనిషి ఒక్కరే, పేరు పక్కన డిగ్రీలూ అవే. ఆహార భద్రతలో మీ హోదా కంటే మీ దగ్గరున్న డేటాకే విలువ ఎక్కువ. డేటా లేని మాట వల్ల నష్టపోయేది దొంగలు మాత్రమే కాదు, నిజాయతీగా బతికే రైతు కూడా.

ఒకే బస్తా, రెండు ఫలితాలు

1883లో వైలీ వాషింగ్టన్ వెళ్లి అమెరికా వ్యవసాయ శాఖలో ముఖ్య రసాయన శాస్త్రవేత్తగా చేరారు. దాదాపు 29 ఏళ్లు అదే కుర్చీలో ఉన్నారు. చేరగానే ఎదురైన చిక్కు వింటే మీకు నవ్వొస్తుంది. ఒకే ఎరువు బస్తాలోంచి నమూనా తీసి రెండు ల్యాబ్‌లకు పంపితే రెండు ఫలితాలు వచ్చేవి. ఒక రాష్ట్రం కెమిస్టు బాగుందంటే పక్క రాష్ట్రం కెమిస్టు నాసిరకం అనేవాడు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి పద్ధతి వారిది, అంతే.

దీన్ని సరిచేయడానికి 1884లో ప్రభుత్వ వ్యవసాయ కెమిస్టులంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. స్థాపకుల్లో వైలీ ఒకరు. తర్వాత అధ్యక్షుడిగా, చాలా ఏళ్లు కార్యదర్శిగా ఆ సంఘాన్ని నడిపారు. వాళ్లు చేసిన పని సులువుగానే కనిపిస్తుంది. ఒక పరీక్ష పద్ధతిని రాసుకోవడం, ఒకే నమూనాను చాలా ల్యాబ్‌లకు పంపడం, అందరికీ ఒకే ఫలితం వస్తేనే దాన్ని అధికారిక పద్ధతిగా ప్రకటించడం, ఆ పద్ధతిని అచ్చువేసి అందరికీ ఇవ్వడం. ఆ సంఘమే ఇప్పటి ఏఓఏసీ ఇంటర్నేషనల్. మన దేశంలో ఫుడ్ ల్యాబ్‌లో చేరినా ఈ పేరు మీకు మొదటి వారంలోనే వినిపిస్తుంది.

ఇందులో ఉన్న కిటుకు గమనించండి. ఫలితం ఒక్కటే బయటపెడితే సరిపోదు. అది ఏ పద్ధతిలో వచ్చిందో కూడా బయటపెట్టాలి. అప్పుడే ఒక ల్యాబ్ లెక్కను ఇంకో ల్యాబ్ లెక్కతో పోల్చగలం, కలపగలం. ఇవాళ డేటా రంగంలో వాడే మెటాడేటా, స్టాండర్డ్ లాంటి మాటలకు వేరు ఇక్కడే ఉంది.

ఇదే సమయంలో వైలీ విభాగం పాలు, వెన్న, మసాలాలు, కాఫీ, తేనీరు, డబ్బాల్లో నిల్వచేసిన కూరగాయలు.. ఇలా ఒక్కో రకాన్ని పరీక్షించి, 1887 నుంచి భాగాలు భాగాలుగా ప్రభుత్వ బులెటిన్ వేసింది. పన్ను కట్టే జనం డబ్బుతో తయారైన లెక్క జనానికే అందింది. అయితే ఆ లెక్కలు ఒక సంగతి మాత్రమే చెప్పగలవు: ఇందులో ఇది ఉంది అని. ఉన్నది తింటే మనిషికి ఏమవుతుంది? ఆ ప్రశ్న మిగిలిపోయింది.

పన్నెండు మంది, ఒక భోజనాల గది

అప్పటికి అమెరికాలో ఫ్రిజ్‌లు లేవు. మాంసం చెడకుండా బోరాక్స్, పాలు విరగకుండా ఫార్మాల్డిహైడ్, పళ్ల రసాల్లో శాలిసిలిక్ ఆమ్లం విరివిగా కలిపేవారు. కొంచెమే కదా, ఏమీ కాదని కంపెనీలు అనేవి. ప్రమాదమని వైలీ అనుమానం. రెండు వైపులా రుజువు లేదు.

1902లో పార్లమెంటు ఇచ్చిన 5,000 డాలర్లతో వైలీ తన ఆఫీసు నేలమాళిగలో ఒక వంటగది, ఒక భోజనాల గది ఏర్పాటుచేశారు. ఎక్కువగా ప్రభుత్వ కొలువుల్లో ఉన్న యువకుల్లోంచి పన్నెండు మంది స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. మీ వయసుకు కాస్త అటూ ఇటూ ఉన్న కుర్రాళ్లే. మూడు పూటలా భోజనం ఉచితం. జీతం మాత్రం పెరగదు. ఆ బల్ల మీద పెట్టింది తప్ప బయట ఏదీ తినకూడదు. ఆరోగ్యం పాడైతే ప్రభుత్వం మీద కేసు వేయబోమని సంతకం పెట్టాలి. పత్రికలు ఈ బృందానికి పాయిజన్ స్క్వాడ్ అని పేరు పెట్టాయి. అంటే విషం తినే దళం అన్నమాట.

మొదట బోరాక్స్‌ను వెన్నలో కలిపి పెట్టారు. ఎలా పసిగట్టారో గానీ కుర్రాళ్లు వెన్న ముట్టుకోవడం మానేశారు. పాలల్లో, కాఫీలో మార్చి చూశారు. అక్కడా అదే తంతు. ఎవరు ఎంత తిన్నారో తెలియకపోతే లెక్క చెడిపోతుంది. చివరికి దాపరికం మానేసి, కొలిచిన మోతాదును గొట్టాల్లో, అంటే క్యాప్సూల్స్‌లో పెట్టి ఎదురుగానే ఇచ్చారు. కుర్రాళ్లు మింగారు.

అసలు పని మింగడంలో లేదు, రాయడంలో ఉంది. ప్రతి ఒక్కరి బరువు, నాడి, శరీర ఉష్ణోగ్రత రాసుకునేవారు. తిన్న ప్రతి వస్తువునూ తూచేవారు. మలమూత్రాలను కూడా సేకరించి పరీక్షించేవారు. ప్రతి ప్రయోగాన్నీ మూడు దశలుగా విడగొట్టారు. రసాయనం ఇవ్వకముందు కొన్ని రోజులు, ఇస్తున్నప్పుడు కొన్ని రోజులు, ఆపేశాక మరికొన్ని రోజులు. అంటే ఒక మనిషిని అతనితోనే పోల్చి చూడటం. మోతాదు పెరిగేకొద్దీ తలనొప్పి, కడుపునొప్పి, ఆకలి మందగించడం కనిపించాయి. ఫార్మాల్డిహైడ్ వంతు వచ్చేసరికి కుర్రాళ్లు బాగా జబ్బుపడటంతో ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది.

బోరాక్స్ నివేదిక 1904లో వెలువడింది. నాలుగు వందల పేజీలు దాటిన పుస్తకం. అందులో వైలీ అభిప్రాయం కొద్ది పేజీలే. మిగతాదంతా పట్టికలు. ఏ రోజు, ఎవరికి, ఎంత మోతాదు, బరువు ఎంత, ఏం మార్పు వచ్చింది.. అన్నీ అందులోనే. వైలీ మాట నమ్మనివాళ్లు ఆ పట్టికలు తీసి తామే లెక్క వేసుకోవచ్చు. ఓపెన్ డేటా అనే మాట పుట్టడానికి ఇంకా చాలా దశాబ్దాలు ఉంది. చేసిన పని మాత్రం అదే.

ఇవాళ ఇలాంటి ప్రయోగానికి ఏ ఎథిక్స్ కమిటీ కూడా అనుమతి ఇవ్వదు. ఇవ్వకూడదు కూడా. ఆ కుర్రాళ్లు పెట్టిన సంతకం వాళ్లకు రక్షణ కాదు, ప్రభుత్వానికి రక్షణ. వాళ్లు అంత కష్టపడి ఇచ్చిన లెక్కను దాచిపెడితే ఎంత అన్యాయమో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఆ అన్యాయం త్వరలోనే జరిగింది.

చట్టం వచ్చింది, నివేదిక ఆగింది

పాయిజన్ స్క్వాడ్ కథలు పత్రికల్లో చదివి జనం కదిలారు. మహిళా సంఘాలు ఊరూరా ప్రచారం చేశాయి. షికాగో మాంసం ఫ్యాక్టరీల మురికిని బయటపెట్టిన అప్టన్ సింక్లెయిర్ నవల 1906లో వచ్చి మంట రాజేసింది. ఆ ఏడాది జూన్ 30న అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆహార, ఔషధ చట్టం మీద సంతకం చేశారు. మందుల్లో మార్ఫిన్, ఓపియం, కొకైన్, ఆల్కహాల్ లాంటివి ఉంటే లేబుల్ మీద రాయాల్సిందేనని చట్టం చెప్పింది. 1907 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. జనం దాన్ని వైలీ చట్టం అని పిలుచుకున్నారు.

కథ ఇక్కడితో ముగిస్తే బాగుంటుంది. కానీ ఏ రసాయనం ఎంతవరకు సురక్షితమో చట్టంలో అంకెలు లేవు. ఆ అంకెలు తేల్చాల్సింది వైలీ విభాగం. వ్యాపారుల ఒత్తిడి మొదలైంది. వ్యవసాయ మంత్రి జేమ్స్ విల్సన్‌కు, వైలీకి మధ్య దూరం పెరిగింది. సాస్‌లలో, జామ్‌లలో వాడే సోడియం బెంజోయేట్ మీద వైలీ చేసిన నివేదిక సిద్ధమైనా, ఇప్పుడే వద్దని మంత్రి ఆపారు. 1908లో మంత్రి ఊళ్లో లేని సమయంలో, ప్రచురణ విభాగం పొరపాటు వల్ల అది అచ్చై బయటికొచ్చింది. ప్రజల డబ్బుతో, పన్నెండు మంది కడుపునొప్పితో తయారైన లెక్క ఒక గుమస్తా పొరపడితే తప్ప జనానికి చేరలేదు. డేటా ఎప్పుడు బయటికి రావాలో ముందే రాసిపెట్టిన నియమం లేకపోతే, అది కుర్చీలో ఉన్నవారి ఇష్టం అయిపోతుంది.

వైలీ లెక్క తప్పిన చోటు

ఇక్కడ ఇంకో వైపు కూడా మీకు తెలియాలి. రూజ్‌వెల్ట్ 1908లో విడిగా ఒక శాస్త్రవేత్తల బోర్డు వేశారు. దానికి అధ్యక్షుడు ఐరా రెంసెన్. శాకరిన్‌ను కనుగొన్న ఇద్దరిలో ఒకరు. బోర్డు సభ్యులు యేల్, నార్త్‌వెస్టర్న్, కొలంబియా యూనివర్సిటీల్లో విడివిడిగా మళ్లీ మనుషుల మీదే బెంజోయేట్ ప్రయోగాలు చేశారు. తక్కువ మోతాదులో హాని కనిపించలేదని 1909లో నివేదిక ఇచ్చారు. వైలీ ఒప్పుకోలేదు. ఇవన్నీ వ్యాపారుల కోసం ఆడిన నాటకాలని చివరిదాకా నమ్మారు.

కాలం ఏం తేల్చింది? ఫార్మాల్డిహైడ్, బోరాక్స్ విషయంలో వైలీ అనుమానం నిలబడింది. బెంజోయేట్ విషయంలో బోర్డు మాట నిలబడింది. 0.1 శాతం వరకు వాడుకోవచ్చని అమెరికా నిబంధన ఇవాళ్టికీ చెబుతోంది. వైలీ ప్రయోగాల్లో లోపాలు ఉన్నాయి. రసాయనం తినని వేరే బృందాన్ని పక్కన పెట్టి పోల్చలేదు. క్యాప్సూల్‌లో ఏముందో తినేవాళ్లకు ముందే తెలుసు, తెలిస్తే సగం తలనొప్పి భయంతోనే వస్తుంది. మోతాదులు కూడా మామూలుగా తిండిలో అందేదానికంటే ఎక్కువ. మరి ఈ లోపాలు మనకెలా తెలిశాయి? ఆయన పద్ధతి, పట్టికలు అచ్చులో ఉన్నాయి కాబట్టి. దాచుకుని ఉంటే ఆయన తప్పు కూడా దాగి ఉండేది, దాంతోపాటు ఆయన ఒప్పు కూడా.

ఇలాంటిదే ఇంకో కేసు. కోకాకోలాలో కలిపే కెఫీన్ హానికరమని ప్రభుత్వం కేసు పెట్టడం వెనక వైలీ పట్టుదల ఉంది. 1909లో సరకును జప్తు చేశారు, 1911లో చట్టనూగా నగరంలో విచారణ జరిగింది. కంపెనీ తరఫున హ్యారీ హాలింగ్‌వర్త్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త కెఫీన్ ప్రభావం మీద ప్రయోగాలు చేశారు. డబ్బు కంపెనీదే. అయితే ఆయన ముందే షరతు పెట్టారు: ఫలితం కంపెనీకి నచ్చినా నచ్చకపోయినా ప్రచురిస్తానని. ఎవరు కెఫీన్ తీసుకున్నారో, ఎవరు ఉత్తి గొట్టం మింగారో తినేవారికీ కొలిచేవారికీ తెలియకుండా ఏర్పాటుచేశారు. ఆ రోజుల్లో అది చాలా ముందడుగు. జడ్జి ఆ కేసును కొట్టేశారు. 1916లో సుప్రీంకోర్టు దాన్ని తిరగదోడింది, అది వేరే సంగతి. కంపెనీ డబ్బుతో చేసిన పరీక్ష కూడా షరతులు సరిగ్గా ఉంటే నమ్మదగినది అవుతుందని ఈ ప్రయోగం చూపించింది. మీకు వచ్చే మొదటి ఉద్యోగం ప్రైవేటు ఫుడ్ కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో అయ్యే అవకాశమే ఎక్కువ కాబట్టి దీన్ని గుర్తుపెట్టుకోండి.

ఆఫీసు రాజకీయాలు ముదిరాయి. ఒక నిపుణుడికి జీతం ఇచ్చిన తీరు మీద 1911లో వైలీపై ఆరోపణలు వచ్చాయి. విచారణ తర్వాత అధ్యక్షుడు టాఫ్ట్ ఆయన తప్పు లేదని తేల్చారు. అయినా పని సాగలేదు. 1912 మార్చి 15న వైలీ రాజీనామా చేసి, గుడ్ హౌస్‌కీపింగ్ అనే పత్రిక ల్యాబ్ బాధ్యత తీసుకున్నారు. వస్తువులను పరీక్షించి, ఏది మంచిదో గృహిణులకు నేరుగా చెప్పే పని. వయసు 67.

ఇవాళ ఆ లెక్కలు ఎక్కడున్నాయి?

వైలీ చీకట్లో తడుముకుంటూ చేసిన పనికి ఇప్పుడు ఒక క్రమం ఉంది. రిస్క్ అసెస్‌మెంట్ అంటారు. నాలుగు మెట్లు. తిండిలో హాని చేయగలిగింది ఏముంది? ఎంత మోతాదుకు ఎంత హాని? జనానికి నిజంగా ఎంత అందుతోంది? ఇవన్నీ కలిపితే ముప్పు ఎంత? పాయిజన్ స్క్వాడ్ చూసింది రెండో మెట్టు. మూడో మెట్టుకు ఎవరు ఏం తింటున్నారో తెలియాలి. మన దగ్గర ఆ పనిలో పెద్ద పేరు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థది. 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ సంస్థ సర్వేలకు కేంద్రం అదే. 528 ఆహార పదార్థాల్లో ఏ పోషకం ఎంత ఉందో 2017లో ఆ సంస్థ పట్టికలు వేసింది.

ఐరోపాలో ఆహార భద్రతా సంస్థ 2002లో ఏర్పడింది. ఇటలీలోని పార్మాలో ఉంది. రసాయనాల విషప్రభావాల డేటాబేస్‌ను అది ఎవరైనా ఉచితంగా తీసుకునేలా పెట్టింది. అనుమతి కోసం కంపెనీలు సమర్పించే అధ్యయనాలను కూడా, వ్యాపార రహస్యం అని తేలిన భాగం తప్ప, ప్రజల ముందు పెట్టాలని 2021 మార్చి 27 నుంచి అక్కడ నిబంధన అమల్లో ఉంది. అచ్చు ఆపాలా వద్దా అన్నది ఇక మంత్రి చేతిలో లేదు. వైలీ కోల్పోయిన పోరాటం ఒక శతాబ్దం తర్వాత ఇలా గెలిచింది.

ఇది మనకు దూరపు సంగతి అనుకోకండి. భీమవరం చుట్టుపక్కల చెరువుల నుంచి వెళ్లే రొయ్యలో యాంటీబయాటిక్ ఆనవాళ్లు దొరికాయని ఐరోపా ఒక కంటైనర్‌ను ఆపితే, ఆ హెచ్చరిక ఆర్‌ఏఎస్‌ఎఫ్‌ఎఫ్ అనే వాళ్ల పోర్టల్లో కనిపిస్తుంది. డిగ్రీ విద్యార్థి కూడా దాన్ని తెరిచి ఏ దేశం సరకు, ఏ కారణంతో ఆగిందో చూడొచ్చు. 2018 జులైలో ఫార్మలిన్ ఆనవాళ్లు ఉన్నాయంటూ అస్సాం ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ చేపల రాకను కొన్ని రోజులు ఆపేసింది. ఫార్మలిన్ అంటే వైలీ కుర్రాళ్లను పడగొట్టిన ఫార్మాల్డిహైడే, నీళ్లలో కలిపిన రూపంలో. ఇలాంటప్పుడు చెరువు రైతును కాపాడేదీ, తినేవాడిని కాపాడేదీ ఒక్కటే. ఏ నమూనా, ఎక్కడ తీశారు, ఏ పద్ధతిలో పరీక్షించారు, ఎంత వచ్చింది అన్న లెక్క అందరి ముందూ ఉండటం. అది లేకపోతే మిగిలేది పుకారు. తేనెపట్టు కథ మళ్లీ మొదలవుతుంది.

మీ చేతిలో ఉన్నది

ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగానికి ఫుడ్ టెక్నాలజీ, డెయిరీ టెక్నాలజీ, బయోటెక్నాలజీ, ఆయిల్ టెక్నాలజీ, వ్యవసాయం, వెటర్నరీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ డిగ్రీలు, కెమిస్ట్రీ పీజీ, వైద్య పట్టా అర్హతలుగా ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల్లో సర్వీస్ కమిషన్లు ఈ పోస్టులకు నోటిఫికేషన్ ఇస్తుంటాయి. ల్యాబ్‌ల వైపు వెళ్తే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న చోట రికార్డుల పద్ధతే సగం ఉద్యోగం. డేటా అనలిటిక్స్ నేర్చుకున్న సైన్స్ విద్యార్థికి కూడా ఇక్కడ చోటుంది.

ఏ దారిలో వెళ్లినా వైలీ జీవితం నుంచి మూడు అలవాట్లు తీసుకోండి. ఇప్పటి ప్రాక్టికల్ రికార్డులోనే మొదలుపెట్టొచ్చు.

ఒకటి, అంకెతోపాటు దాని పుట్టుపూర్వోత్తరాలు రాయండి. తేదీ, నమూనా ఎక్కడిది, పద్ధతి, పరికరం, కొలమానం, రాసినవారి పేరు. మిల్లీగ్రామా మైక్రోగ్రామా అన్నది రాయని ఫలితం ఫలితమే కాదు.

రెండు, మీకు నచ్చని ఫలితాన్ని కొట్టేయకండి. గ్రాఫ్ సరిగ్గా రావడానికి ఒక పాయింటు తీసేయడం కాలేజీలో మార్కుల కోసం చేసే చిన్న పనిలా కనిపిస్తుంది. ఉద్యోగంలో అదే ఒక ఊరి పాలను పాడుచేస్తుంది. కొట్టేయాల్సి వస్తే పక్కన కారణం రాయండి, పాత అంకె కనిపించేలా ఉంచండి.

మూడు, మీ లెక్కను ఇంకొకరు తెరిచి మళ్లీ వేసుకునేలా పెట్టండి. ఫైల్ మీ ల్యాప్‌టాప్‌లో మీకు మాత్రమే అర్థమయ్యే పేరుతో ఉంటే, రేపు మీరు ఉద్యోగం మారిన రోజున ఆ డేటా చచ్చిపోయినట్టే.

వైలీ 1930 జూన్ 30న వాషింగ్టన్‌లో కన్నుమూశారు. చట్టం మీద రూజ్‌వెల్ట్ సంతకం పెట్టి సరిగ్గా 24 ఏళ్లు పూర్తయిన రోజది. ఆయన నడిపిన విభాగంలోంచి పుట్టిన సంస్థకు ఆ ఏడాదే ఫుడ్ అండ్ డ్రగ్ అడ్మినిస్ట్రేషన్ అనే పేరు స్థిరపడింది. మీరు వార్తల్లో వినే ఎఫ్‌డీఏ అదే. చట్టానికి 50 ఏళ్లు నిండినప్పుడు, 1956లో, అమెరికా ఆయన బొమ్మతో మూడు సెంట్ల తపాలా బిళ్ల వేసింది.

బెంజోయేట్ గురించి, కెఫీన్ గురించి ఆయన తీర్పులను తర్వాతి వాళ్లు సరిదిద్దారు. రేపు మీ తీర్పులను మీ తర్వాతి వాళ్లు సరిదిద్దుతారు. దాంట్లో నామోషీ లేదు. వాళ్లు సరిదిద్దడానికి వీలుగా మీ పట్టిక మిగిలి ఉండాలి, అంతే.